గారెకు చిల్లెందుకు? కణం పరిమాణం వెనకున్న లెక్క



మాకు ఇంటర్‌లో పాఠం చెప్పిన మాస్టారిని ఎదురుగా పొగిడితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కిటికీలోంచి బయటికి చూసేవారు. పొగడ్త అయిపోయేదాకా ఆ తుడుచుకోవడం అయ్యేది కాదు. అందుకని ఆయన జ్ఞాపకార్థం జరుగుతున్న ఈ సభలో గంటా ఆయన గుణగణాల మీద గడపను. ఆయన నాకు సున్నా వేసిన ఒక ప్రశ్న గురించి మాట్లాడతాను.

ఇంటర్ మొదటి సంవత్సరం, అర్ధసంవత్సర పరీక్ష. కణాలు ఎందుకు చిన్నవిగా ఉంటాయి అని అయిదు మార్కుల ప్రశ్న. కణం పెరిగేకొద్దీ దాని ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితల వైశాల్యం తగ్గిపోతుంది కాబట్టి కణం పెద్దది కాలేదు అని రాశాను. గైడులో ఉన్న వాక్యం, అక్షరం పొల్లుపోకుండా. పేపరు చేతికొచ్చాక చూస్తే అయిదుకి సున్నా. పక్కన ఎర్రసిరాతో రెండే మాటలు: "మరి కోడిగుడ్డు?"

నాకొక్కడికే కాదు, సెక్షను మొత్తానికీ అదే గతి. అందరం ఒకే గైడు చదివాం కదా. తప్పేమిటో చెప్పమని స్టాఫ్‌రూముకి వెళ్తే, "రేపు ఒక గుడ్డు తీసుకురా" అన్నారు. ఇంట్లో గుడ్డు ముట్టని మనిషి. మర్నాడు ల్యాబులో ఆ గుడ్డును గాజు పళ్లెంలోకి తనే పగలగొట్టి, పళ్లేన్ని నెమ్మదిగా వంచి, పచ్చసొన మీద తెల్లటి మచ్చ ఒకటి చూపించారు. కందిగింజ కన్నా చిన్నది. "ఈ పచ్చసొనంతా కలిపి ఒకటే కణంరా. కానీ ఇందులో పనిచేసేది ఈ మచ్చ. మిగతాదంతా గాదె. గాదెలో ధాన్యానికి ఊపిరాడక్కర్లేదు" అన్నారు.

నేను ఈరోజు చెప్పదలుచుకున్నది ఆ ఒక్క మాటే. కణానికి ఒక లెక్క ఉంది. ఆ లెక్కను దాటిన ప్రాణి ఏదీ లేదు. దాటినట్టు కనిపిస్తే, అది ఎక్కడ ఖర్చు పెట్టిందో వెతకాలి.

లెక్క

ముందు లెక్క చూద్దాం. బెల్లాన్ని సరిగ్గా ఒక సెంటీమీటరు ఘనంగా కోశామనుకోండి. దానికి ఆరు ముఖాలు, ఒక్కో ముఖం ఒక చదరపు సెంటీమీటరు. మొత్తం పైభాగం 6, లోపలి సరుకు 1. రెండు సెంటీమీటర్ల ముక్క అయితే పైభాగం 24, సరుకు 8. మూడు సెంటీమీటర్లయితే 54, 27. పది సెంటీమీటర్ల అచ్చు అయితే 600, 1000. అంటే సరుకులో ప్రతి ఒక్క వంతుకూ దక్కే పైభాగం మొదట 6, తర్వాత 3, తర్వాత 2, చివరికి 0.6. పాకం పట్టే ముందు అచ్చుబెల్లాన్ని నలగ్గొట్టేది అందుకే. బెల్లం అదే, నీళ్లు అవే. నీళ్లకు తగిలే భాగం పెరుగుతుంది.

కణం విషయంలో పైభాగమంటే కణత్వచం. తిండి లోపలికి రావాలన్నా, ఆక్సిజన్ రావాలన్నా, వ్యర్థం పోవాలన్నా దారి అదొక్కటే. తినేది మాత్రం లోపలి సరుకు. పెట్టే చెయ్యి వర్గంలో పెరుగుతుంది, తినే నోరు ఘనంలో పెరుగుతుంది. గుండ్రటి కణానికి ఈ నిష్పత్తిని ఒక్క ముక్కలో చెప్పొచ్చు: మూడును వ్యాసార్ధంతో భాగించండి. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఒక మైక్రాన్ వ్యాసమున్న బాక్టీరియాకు ఆ నిష్పత్తి 6. పది మైక్రాన్ల కణానికి 0.6. వంద మైక్రాన్లకు 0.06. మన పేగుల్లో ఉండే ఇ. కోలై బాక్టీరియా అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. అంత జోరుగా తిని పెరగడానికి దాని చిన్నతనమే పెట్టుబడి.

ఇది సగం లెక్క. గైడు ఇక్కడ ఆగిపోతుంది. వాకిలి దాటి లోపలికొచ్చిన సరుకు వంటింటిదాకా చేరాలి కదా. అది రెండో సగం.

దూరం

గారె సంగతి చూడండి. మినప్పిండి ముద్ద అరిటాకు మీద తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి నూనెలోకి జారుస్తారు. చిల్లు పెట్టకుండా అంత పిండినీ ఉండచేసి వేస్తే ఏమవుతుందో కొత్తగా వంట నేర్చుకునేవాళ్లకు తెలుసు. పైన ఎర్రగా మాడుతుంది, విరిస్తే నడుమ పచ్చిపిండి. నూనె వేడికి లోటు లేదు. వేడి లోపలికి నడిచివెళ్లాల్సిన దూరం ఎక్కువ. చిల్లు పెట్టడంతో రెండు పనులవుతాయి. నూనె తగిలే చోటు పెరుగుతుంది. గారెలో ఏ మూల ఉన్న పిండికైనా నూనె దగ్గరవుతుంది. గుత్తివంకాయను నాలుగు పక్షాలుగా చీల్చడంలోనూ ఇదే తెలివి. కారం లోపలికి దిగాలంటే వాకిళ్లు కావాలి.

కణంలో వేడికి బదులు అణువులు నడవాలి. ఆ నడకను విసరణ అంటాం. తాగుబోతు నడకలాంటిది. ఒకడుగు ముందుకు, ఒకడుగు పక్కకు, రెండడుగులు వెనక్కి. అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు 1855లో దీనికి సూత్రం కట్టాడు. ఇందులో మెలిక ఏమిటంటే, దూరం రెట్టింపైతే పట్టే కాలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. దూరం పది రెట్లయితే కాలం వంద రెట్లు.

నీళ్లలో ఒక చిన్న అణువును తీసుకుని ఉజ్జాయింపుగా లెక్కేస్తే ఇలా వస్తుంది. పది మైక్రాన్ల దూరం దాటడానికి సెకనులో అరవయ్యో వంతు. ఒక మిల్లీమీటరుకు మూడు నిమిషాలకు కాస్త తక్కువ. ఒక సెంటీమీటరుకు నాలుగున్నర గంటలు. ఒక మీటరుకు అయిదేళ్లకు పైమాట. కణం లోపల కిక్కిరిసిన ప్రోటీన్ల మధ్య నడక ఇంకా మందం. రెప్పపాటు కూడా పట్టని పని, దూరం మారేసరికి ఒక బిడ్డ పుట్టి బళ్లో చేరేంత కాలం తీసుకుంటోంది. అణువు మారలేదు, నీళ్లు మారలేదు.

మాస్టారు దీన్ని కళ్లకు కట్టించేవారు. అంగట్లో దొరికే చైనాగడ్డిని, అంటే అగార్‌ను, హాస్టల్ వంటగదిలో ఉడికించి, అందులో కాస్త క్షారం, నాలుగు చుక్కల ఫినాఫ్తలీన్ కలిపి పళ్లెంలో గడ్డకట్టించేవారు. ముదురు గులాబీ రంగు హల్వాలా ఉండేది. దాన్ని ఒకటి, రెండు, మూడు సెంటీమీటర్ల ఘనాలుగా కోసి మూడింటినీ ఒకేసారి సజల ఆమ్లంలో వేయించేవారు. ఆమ్లం లోపలికి పోయినంతమేరా గులాబీ పోయి తేటబడుతుంది. చిన్న ముక్క నడుమ చివరి గులాబీ చుక్క మాయమయ్యే క్షణం కోసం అందరం బల్ల మీదికి వంగి చూస్తుండేవాళ్లం. "తీయండి!" అనేవారు. మూడింటినీ తీసి బ్లేడుతో నడిమికి కోస్తే, చిన్నది పూర్తిగా తెల్లన. రెండు సెంటీమీటర్లదాని మధ్యలో ఒక సెంటీమీటరు గులాబీ గడ్డ. పెద్దదాని మధ్యలో రెండు సెంటీమీటర్ల గడ్డ.

మూడింటిలోనూ ఆమ్లం సరిగ్గా అరసెంటీమీటరే నడిచింది. ఎవరికీ తక్కువ చెయ్యలేదు. అయినా మధ్యముక్కలో ఎనిమిదో వంతు, పెద్దముక్కలో ఇరవయ్యేడింట ఎనిమిది వంతులు, అంటే దాదాపు ముప్ఫై శాతం, ఆకలితో మిగిలిపోయాయి. "ఆ గులాబీ ముద్దే ఆకలిరా" అనేవారు మాస్టారు. నేను ముప్ఫై ఏళ్లపాటు అదే ప్రయోగం చేయించాను. ఆ మాట వాడకుండా ఒక్కసారీ చేయించలేదు.

కాకినాడలో ఒక అస్థిపంజరం

ఈ వర్గం, ఘనం తగాదా కణంతో మొదలైంది కాదు. గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో ఎముకల గురించి ఇదే చెప్పాడు. జంతువును అన్ని వైపులా ఒకే లెక్కన పెంచితే బరువు ఘనంలో పెరుగుతుంది. ఆ బరువు మోసే ఎముక బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, అంటే వర్గంలోనే పెరుగుతుంది. కాబట్టి పెద్ద జంతువు ఎముక పొడవుతోపాటు లావు కూడా అంతకుమించి కావాలి. చిన్న ఎముకా, మూడు రెట్ల పొడవున్న మొద్దు ఎముకా పక్కపక్కన బొమ్మ గీసి మరీ చూపించాడు.

ఆ తర్వాత దీన్ని అందరికీ అర్థమయ్యేలా రాసినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. జీవి సరైన పరిమాణంలో ఉండటం గురించి 1926లో ఆయన రాసిన చిన్న వ్యాసాన్ని ఇప్పటికీ పాఠం చెబుతున్నారు. ఊపిరితిత్తులైనా, పేగులైనా, మొప్పలైనా శరీరానికి తగినంత ఉపరితలం సంపాదించుకునే తంటాలే అన్న చూపు ఆయనదే. ఆ హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చారు. తర్వాత భారత పౌరుడయ్యారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గర జన్యుశాస్త్రం చదివి, ఆ తర్వాత గురువు జీవితం మీద పుస్తకాలు రాశారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయేముందు హాల్డేన్ తన శరీరాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థులకు ఇమ్మని వీలునామా రాశారు. అలాగే ఇచ్చారు. ఆయన అస్థిపంజరం అక్కడే ఉంది. ఎముక లావు ఎందుకు అంత ఉండాలో ప్రపంచానికి చెప్పిన మనిషి ఎముకలు మన గోదావరి గడ్డ మీద పాఠం చెబుతున్నాయన్నమాట. మాస్టారు ఈ సంగతి చెప్పినప్పుడు మేం నమ్మలేదు. కథలు చెబుతున్నారనుకున్నాం.

హాల్డేన్ చూపుతో చూస్తే ఇంట్లో సంగతులు కూడా లెక్కలోకి వస్తాయి. అప్పుడే పుట్టిన మూడు కిలోల బిడ్డకు చర్మం సుమారు 0.2 చదరపు మీటర్లు. అరవై కిలోల తల్లికి 1.6 పైచిలుకు. కిలోకి లెక్కేస్తే బిడ్డకు తల్లి కన్నా రెండున్నర రెట్లు చర్మం ఎక్కువ. ఒంట్లో వేడి అంత తొందరగా బయటికి పోతుంది. పురిటి గదిలో అమ్మమ్మ బిడ్డ తలకు గుడ్డ చుట్టేది ఈ నిష్పత్తికే.

ఖర్చుల చిట్టా

ఇప్పుడు మాస్టారి ప్రశ్నకు వద్దాం. లెక్కను దాటినట్టు కనిపించేవాళ్లు ఖర్చు ఎక్కడ పెట్టారు?

మొదటి దారి, పెరగడం మానేసి రెండుగా విడిపోవడం. మనందరం మొదలైంది పదో వంతు మిల్లీమీటరున్న ఒక్క కణంగా. మానవకణాల్లో అది పెద్దదే. కంటికి లీలగా ఆనుతుంది. ఫలదీకరణ తర్వాత మొదటి కొద్దిరోజులూ పిండం ఏమీ పెరగదు. అదే ముద్ద రెండు, నాలుగు, ఎనిమిది ముక్కలవుతుంది. ఒక గోళం ఎనిమిది సమాన గోళాలైతే సరుకు మారకుండానే మొత్తం ఉపరితలం రెట్టింపవుతుంది. ఏనుగు ఎలుకకన్నా అంత పెద్దదైనా దాని కణాలు ఎలుక కణాలకన్నా అంత పెద్దవి కావు. సంఖ్యే ఎక్కువ. పెద్ద ప్రాణి అంటే చిన్న కణాల పెద్ద ఊరు. ఆ ఊరికి మళ్లీ కాలవలు కావాలి, గాలి కావాలి. గుండె, రక్తనాళాలు, ఊపిరితిత్తులు ఆ ఊరు ఏటా కట్టే పన్ను.

రెండో దారి, చదునవడం. ఇక్కడ గారెను మరోసారి తలుచుకోవాలి. మన ఎర్ర రక్తకణం ఏడెనిమిది మైక్రాన్ల వెడల్పు బిళ్ల. రెండు వైపులా మధ్యలో నొక్కినట్టుంటుంది. వేలు పెట్టారు కానీ చిల్లు పూర్తిగా పడలేదు, అలాంటి గారె. దాని ఘనపరిమాణం సుమారు 90 ఘన మైక్రాన్లు, ఉపరితలం సుమారు 140 చదరపు మైక్రాన్లు. అంతే సరుకును గుండ్రంగా చుడితే ఉపరితలం 97కి పడిపోతుంది. గోళమంటే ప్రకృతిలో అతి పొదుపైన పొట్లం. ఊపిరి మోసే కణానికి మాత్రం ఆ పొదుపు పనికిరాదు.

ఒక కణంలో ఆ తేడా ఎంత అనిపించొచ్చు. మనిషి ఒంట్లో ఎర్రకణాలు సుమారు 25 లక్షల కోట్లు. వాటి ఉపరితలమంతా విప్పి పరిస్తే మూడున్నర వేల చదరపు మీటర్లు, మన లెక్కలో 85 సెంట్ల చేను. అవే కణాలు గుండ్రంగా ఉండుంటే 60 సెంట్లు. గుండ్రాన్ని నొక్కి గారె చెయ్యడంతో మనలో ప్రతి ఒక్కరికీ పాతిక సెంట్ల భూమి కలిసొచ్చింది. రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు.

ఈ మిగులు చర్మం ఇంకో పనికీ వస్తుంది. సంచి నిండా సరుకు కుక్కితే వంగదు. కాస్త వదులుంటే ఎటైనా వంగుతుంది. ఎర్రకణం తనకన్నా సన్నటి రక్తకేశనాళికల్లోంచి, ప్లీహంలోని ఒక మైక్రాన్ సందుల్లోంచి ఒళ్లు మడుచుకుని దూరిపోగలిగేది ఆ వదులు వల్లే. వంశపారంపర్యంగా వచ్చే ఒక రక్తహీనతలో కణత్వచాన్ని పట్టి ఉంచే ప్రోటీన్లలో లోపం వల్ల త్వచం తునకలు తునకలుగా రాలిపోతుంది. సరుకు అంతే ఉంటుంది, చర్మం తగ్గుతుంది. గారె బోండా అవుతుంది. బోండా ఆ సందుల్లో దూరలేక ప్లీహంలో చిక్కుకుని నాశనమవుతుంది. బిడ్డ పాలిపోతాడు, కళ్లు పచ్చబడతాయి, ప్లీహం ఉబ్బుతుంది. జబ్బు తీవ్రమైతే వైద్యులు ప్లీహాన్నే తీసేస్తారు. ఉపరితలం, ఘనపరిమాణం అన్న బడి లెక్క తప్పితే జరిగేది ఇదీ.

చదునుతనానికి మన భాషలోనే మరో సాక్ష్యం ఉంది. బద్దెపురుగు. దానికి నోరు లేదు, పేగు లేదు. ఒంటి పైభాగంతోనే తిండి పీల్చుకుంటుంది. మీటర్ల కొద్దీ పొడవు పెరిగినా మందం పెరగదు. బద్దెలా ఉండబట్టే బతికింది, బద్దెలా ఉంది కాబట్టే ఆ పేరు పెట్టారు.

మూడో దారి, దారంలా సాగడం. సన్నటి పొడుగాటి కణానికి ఒక సౌలభ్యం ఉంది. లావు పెరగకుండా ఎంత పొడుగు సాగినా దాని నిష్పత్తి దాదాపు మారదు. నడుము దగ్గర వెన్నుపాములో ఉన్న నాడీకణం నుంచి కాలివేలిదాకా పోయే పోగు దాదాపు మీటరు. లావు మాత్రం మైక్రాన్లలోనే. వాకిలి లెక్క సరిపోయింది. మరి దూరం లెక్క? వెన్నులో తయారైన ప్రోటీను కాలివేలికి విసరణతో చేరాలంటే, అది చిన్న అణువే అనుకున్నా, అయిదేళ్లు. ఖర్చు పెట్టక తప్పలేదు. ఆ పోగులో సన్నటి పట్టాలున్నాయి. వాటి మీద కైనెసిన్ అనే ప్రోటీన్లు సరుకు మూట నెత్తిన పెట్టుకుని మిల్లీమీటరులో లక్షో వంతు కన్నా చిన్న అంగలతో నడుస్తాయి. అంగ అంగకూ ఇంధనం కాలుతుంది. వేగంగా పోయే సరుకు రోజుకు నలభై సెంటీమీటర్ల దాకా సాగుతుంది. అయిదేళ్ల ప్రయాణం రెండున్నర రోజులకు దిగింది.

నాలుగో దారి, కలియబెట్టడం. మన చెరువుల్లో కారా అనే నాచు పెరుగుతుంది. నలిపితే వెల్లుల్లి కంపు. దాని కాడలో రెండు కణుపుల మధ్య ఒకటే కణం, కొన్ని సెంటీమీటర్ల పొడవుంటుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే లోపల కణద్రవ్యం ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి గిరగిరా పారుతూ కనిపిస్తుంది. ఇటలీలో బోనవెంచురా కోర్టి దీన్ని 1774లోనే చూశాడు. సెకనుకు డెబ్భై మైక్రాన్లు అనుకుంటే సెంటీమీటరు దూరానికి రెండున్నర నిమిషాలు. విసరణకు నాలుగున్నర గంటలు. చక్కెర వేసి చెంచా తిప్పకుండా టీ తాగి చూడండి, ఈ నాచు తెలివి తెలుస్తుంది.

అయిదో దారి, మడతలు. చిన్నపేగు లోపలి గోడ నిండా చూషకాలు, చూషకాల మీది కణాలకు మళ్లీ సూక్ష్మచూషకాలు. మేం చదివినప్పుడు దీన్నంతా విప్పితే టెన్నిస్ కోర్టు అనేవారు. నేనూ అదే చెప్పాను. 2014లో స్వీడన్ పరిశోధకులు జాగ్రత్తగా కొలిచి సుమారు 30 చదరపు మీటర్లని తేల్చారు. బ్యాడ్మింటన్ కోర్టులో సగం కూడా లేదు. నా దగ్గర చదివినవాళ్లు ఇక్కడుంటే దయచేసి దిద్దుకోండి. మడతలు పోతే ఏమవుతుందో సీలియాక్ జబ్బు చెబుతుంది. గోధుమలోని గ్లూటెన్ పడనివాళ్లలో చూషకాలు అణగారి గోడ నున్నబడుతుంది. పిల్లవాడు కడుపునిండా తింటాడు, ఒంటికి పట్టదు.

ఆరో దారి, గాదె. గుడ్డు దారి. దీన్ని అందరికన్నా ఘనంగా నడిపినవి బాక్టీరియాలే కావడం విడ్డూరం. నమీబియా తీరంలో దొరికి 1999లో లోకానికి తెలిసిన థయోమార్గరీటా నమీబియెన్సిస్ మిల్లీమీటరులో ముప్పాతిక వంతు దాకా ఉంటుంది. 2022లో కరీబియన్ దీవి గ్వాడెలూప్ మడ అడవుల నుంచి వచ్చిన దాని బంధువు థయోమార్గరీటా మాగ్నిఫికా ఒక సెంటీమీటరు పొడవుంటుంది. కొన్ని రెండు సెంటీమీటర్లు. కుట్టుదారం తుంపులా నీళ్లలో వేలాడే బాక్టీరియా! పత్రికలన్నీ నియమం బద్దలైందని రాశాయి. మాస్టారుండుంటే లోపల ఏముందిరా అని అడిగేవారు. లోపల నాలుగింట మూడు వంతులు నీటి సంచి. రిక్తిక. బతికే కణద్రవ్యం దాని చుట్టూ పల్చటి పొర మాత్రమే. పైగా డీఎన్ఏ ఒకచోట ఉంటే మూల మూలకూ ఆజ్ఞలు అందవు కాబట్టి, లక్షల నకళ్లు తీసి చిన్న చిన్న పొరల సంచుల్లో పుచ్చకాయ గింజల్లా ఒళ్లంతా పరిచింది. నియమం బద్దలు కాలేదు. గుడ్డు కట్టిన బాకీయే ఇదీ కట్టింది, నకళ్ల ఖర్చు అదనంగా.

గోడ, ఆగడం

ఇంతవరకూ వస్తే ఒక ప్రమాదం ఉంది. ప్రతిదాన్నీ ఈ నిష్పత్తే శాసిస్తుందనుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను: నిష్పత్తి ఫలానా చోటికి పడగానే కణం విభజన చెందుతుందని. అది నిజం కాదు. కణం దగ్గర లెక్కలపుస్తకం లేదు. నిష్పత్తి ఒక గోడ. గోడ ఎక్కడుందో మనకు చెబుతుంది. కానీ చాలా కణాలు గోడకు గుద్దుకోకముందే, చాలా ముందే, ఆగిపోతాయి. ఎలా ఆగుతున్నాయి?

జర్మనీలో మాక్స్ హార్ట్‌మన్ 1920ల్లో అమీబా మీద ఓపికైన పని ఒకటి చేశాడు. అమీబా పెరిగి విభజనకు సిద్ధమవుతున్నప్పుడల్లా దాని కణద్రవ్యంలో ఒక ముక్క కోసేశాడు. అది మళ్లీ పెరిగేది, మళ్లీ కోసేవాడు. నాలుగు నెలలకు పైగా ఆ అమీబా ఒక్కసారి కూడా విభజన చెందలేదు. కొయ్యకుండా వదిలేసినది అదే కాలంలో 65 సార్లు విభజన చెందింది. అంటే కణానికి తన పరిమాణం ఏదో రకంగా తెలుస్తోంది. వయసు కాదు, పరిమాణం.

ఎలా తెలుస్తుందన్నది ఇటీవలి కథ. 2014, 2015 ప్రాంతంలో బాక్టీరియాలను ఒక్కొక్కటిగా కొలిచినప్పుడు ఊహించనిది బయటపడింది. ఇ. కోలై ఇంత పరిమాణానికి రాగానే విడిపోదామని చూడదు. ఇంత కాలం గడిచాక అనీ చూడదు. పుట్టినప్పుడు చిన్నదైనా పెద్దదైనా, ఒక నిర్ణీత మోతాదు కలుపుకున్నాక విడిపోతుంది. పెద్దగా పుట్టింది కూడా అంతే కలుపుకుంటుంది కాబట్టి కొన్ని తరాల్లో అందరూ సగటుకు వచ్చేస్తారు. మన కణాల్లో ఈ కొలత ఎలా జరుగుతుందో పూర్తిగా తేలలేదు. క్యాన్సర్ కణాల్లో పరిమాణం అడ్డదిడ్డంగా ఉండటం సూక్ష్మదర్శిని చూసే ప్రతి రోగనిర్ధారణ వైద్యుడికీ తెలుసు. అక్కడ ఈ కొలత ఎలా దారితప్పిందన్నది ఇంకా తెరిచి ఉన్న ప్రశ్నే.

గుడ్డు పగలగొట్టిన రోజు సాయంత్రం జవాబు మళ్లీ రాసి మాస్టారికి ఇచ్చాను. వాకిలి, దూరం, గాదె అన్నీ రాశాను. అయిదుకి మూడు వేశారు. తక్కిన రెండు ఏవని అడిగితే, "కణానికి ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుందో నువ్వు రాయలేదుగా" అన్నారు. మీరు చెప్పలేదుగా మాస్టారూ అన్నాను. "నాకు తెలిస్తేగా" అన్నారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

ఆ రెండు మార్కుల్లో సగం ఈమధ్య దొరికింది. ఆయన చూడలేదు. మిగతా సగం ఇంకా ఎవరి పేపరులోనూ పడలేదు. వెనక వరసల్లో కూర్చున్న విద్యార్థులు ఆ పేపరు అందుకుంటారని, మాస్టారి జ్ఞాపకార్థం ఈ ధర్మనిధి ఏర్పాటు చేసిన ఆయన కుటుంబంతోపాటు నేనూ ఆశపడుతున్నాను.

సభ ముగిశాక వరండాలో టీతోపాటు గారెలు పెట్టిస్తున్నారని కార్యదర్శిగారు ఇందాక చెవిలో చెప్పారు. తినేముందు ఒకసారి విరిచి చూడండి.